బుధవారం బండి

ఎస్సై వేణు రిపోర్టును చేతిలోకి తీసుకుని, పేజీలు తిప్పకుండానే సరిగ్గా ఏడో పేజీ దగ్గర తెరిచాడు. ఆ పేజీ మూల ముందే మడిచి ఉంది. రంగు పెన్సిల్‌తో నింపిన ఏడు నిలువు పట్టీలు. ఆరు పొట్టివి. ఒకటి మాత్రం కాగితం పై అంచును తాకేంత పొడవు. దాని కింద సుమన చేతిరాతలో ‘బుధవారం’ అని ఉంది.

“గీ ఒక్క పట్టీ సాలు తల్లీ,” అన్నాడు ఎస్సై. “ఇర్వై ఏండ్ల సర్వీసోళ్లు చెప్పలేని ముచ్చట నువ్వు పెన్సిల్‌తోని చెప్పినవ్.”

సుమన కుర్చీ అంచున కూర్చుని ఉంది. మెచ్చుకున్నప్పుడు ఎటు చూడాలో ఆమెకు తెలియదు. బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్‌ను చూసింది. దాని లోపల గాలి బుడగ ఒకటి ఇరుక్కుని ఉంది.

నిజామాబాద్‌లో యూనివర్సిటీలో ఆమె డిగ్రీ రెండో సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో సాక్ష్యాధారిత పోలీసింగ్ అని ఒక సబ్జెక్టు పెట్టారు. గస్తీ ఎక్కడ తిరగాలి, ఎప్పుడు తిరగాలి అనేది ఊహతో కాక, లెక్కలు తీసి, వాటిలో ఒక వరుసను కనిపెట్టి నిర్ణయించాలని ఆ పాఠం సారాంశం. ప్రతి విద్యార్థీ ఒక ఠాణా, ఒక సమస్య తీసుకుని నెల రోజులు పరిశోధన చెయ్యాలి. సుమన తన ఊరికి దగ్గరని వర్నికీ బోధన్‌కూ మధ్య ఉన్న సిద్ధంపేట ఠాణా తీసుకుంది. సమస్య, పొలాల్లో బోరు మోటర్ల రాగి వైర్ల దొంగతనం. ఎనిమిది నెలల్లో ఇరవై మూడు ఫిర్యాదులు. రికార్డు గదిలో ఒక స్టూలు మీద కూర్చుని పదకొండు రోజులు వాటిని నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. ఆ పదకొండు రోజులూ ఆమెకు నచ్చాయి. ఫైళ్లు ఎదురు ప్రశ్నలు వెయ్యవు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

ఇరవై మూడింటిలో పదిహేడు దొంగతనాలు బుధవారం రాత్రి జరిగాయి. ఊళ్లలోకి వారమంతా ఎవరెవరు వచ్చిపోతారో మరో పట్టిక వేసింది. పాల వ్యాను, కూరగాయల ఆటో, చిట్టీల మనిషి, సిలిండర్ల బండి. వీళ్లంతా రెండు మూడు రోజులు వచ్చేవాళ్లే. బుధవారం ఒక్కనాడే వచ్చేది పాత ఇనుప సామాన్ల ట్రాలీ. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాళ్ల ఊరికీ బుధవారమే వచ్చేది. గేటు లోపలి నుంచి మైకు గొంతు వినడమే గానీ, బండి నడిపే మనిషి మొహం ఎన్నడూ చూడలేదు. ‘పాత సామాన్ల బండికీ దొంగతనాలకూ సంబంధం ఉండే అవకాశం ఉంది, పరిశీలించవలెను’ అని ఎనిమిదో పేజీలో రాసింది.

“పరిశీలించిన,” అన్నాడు ఎస్సై, ఆమె మనసులో మాట విన్నట్టు. “మొన్న బుధవారం పొద్దుగూకంగనే పట్టుకొచ్చిన. ఖాసిం అంటరు. బోధన్‌ల తుక్కు దుకాణం.”

“వైరు దొరికిందా సర్?” ఆమె గొంతు ఆమెకే సరిగా వినపడలేదు.

“దొరికేటట్టు పెట్టుకుంటడా? కరగబెట్టి అమ్ముకుంటడు. రోజు రమ్మంటున్న. పొద్దుగాల వస్తడు, కూసుంటడు, సాయంత్రం పోతడు. గిట్ల నాలుగు దినాలు కూసుంటె నోరు అదే తెర్సుకుంటది. సస్పెక్ట్ షీట్ పెడ్తున్న. ఆధారం ఏందంటే నీ రిపోర్టే జత చేసిన. శనివారం మీ సెమినార్‌కు మా పెద్దసారు వస్తుండు గద, అది అయినంక సంతకం పెడ్తా అన్నడు.”

సస్పెక్ట్ షీట్ గురించి సుమన పాఠంలో చదివింది. ఒకసారి తెరిస్తే ఆ మనిషి ఫొటో ఠాణాలో ఉంటుంది. ఏ ఊళ్లో ఏది పోయినా ముందు అతన్నే పిలుస్తారు. పండగకు పిలుస్తారు, ఎలక్షన్లకు పిలుస్తారు. ఎన్నేళ్లకు మూస్తారో పాఠంలో లేదు.

కిటికీలోంచి ఠాణా ఆవరణ కనిపిస్తోంది. గోడ పక్కన ఒక ట్రాలీ ఆటో ఆపి ఉంది. వరండా చివర సిమెంటు అరుగు మీద ఒక మనిషి అటు తిరిగి కూర్చున్నాడు. బూడిద రంగు పొట్టి చేతుల చొక్కా, వీపు మధ్యలో చెమటతో నల్లబడింది. కాసేపటికి స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. సుమన ఈడుదే. చేతిలో మూడు గిన్నెల టిఫిను.

“ఏం తెచ్చినవ్ అల్ఫియా? మా దాంట్ల వాటా లేదా?” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబుల్.

“ఖిచిడీ, చింతపండు ఖట్టా సార్. మా అబ్బాను ఇయ్యాల ఇడ్సిపెట్టుర్రి, రేపు మీ ఠాణా మొత్తానికి బిర్యానీ తెస్త.”

“బిర్యానీ లంచం కింద వస్తది బిడ్డా.”

“ఖిచిడీ రాదా?”

కానిస్టేబుల్ నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. అరుగు మీద కూర్చుని గిన్నెలు ఒక్కొక్కటే విప్పి తండ్రి ముందు పెట్టింది. ఆయన ముందు చేతులు చూసుకుని, తర్వాత కడుక్కోవడానికి లేచాడు. అప్పుడైనా ఇటు తిరగలేదు.

ఎస్సై సర్టిఫికెట్ మీద ‘ఈ పరిశోధన మాకు ఎంతో ఉపయోగపడింది’ అని రాసి, సంతకం చేసి, గుండ్రని ముద్ర వేశాడు. ముద్ర సిరా ఆరేదాకా సుమన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

*

నిజామాబాద్ బస్సులో కిటికీ సీటు దొరికింది. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం దాటింది. చెరుకు ఉన్నచోట ఇప్పుడు ఎక్కువగా వరే. సుమన రిపోర్టు తీసి తొమ్మిదో పేజీ చూసుకుంది. ‘ఫిర్యాదుదారుల ఇంటర్వ్యూలు: మూడు.’

ఆ మూడూ ఆమె చెయ్యలేదు. సబ్జెక్టు చెప్పే విమల మేడం మొదటి క్లాసులోనే అన్నది, “ఫైల్ చదివితే సగమే చదివినట్టు. మనిషి దగ్గరకు పోయి కూసోండ్రి. ఒక్కరి దగ్గరికన్నా పోండ్రి.” సుమన ఒకరోజు ఈరవ్వ అనే ఆమె ఇంటిదాకా వెళ్లింది. లోపల ఎవరో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. కుక్క ఒకటి లేచి చూసింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేసింది. ఆ రాత్రి హాస్టల్లో ఫిర్యాదు కాగితాలు చూస్తూ, ‘బుధవారం రాత్రి దొంగతనం జరిగిందని ఈరవ్వ తెలిపారు’ అని రాసింది. మిగతా ఇద్దరివీ అలాగే. “ఇంటర్వ్యూలు అయినయా?” అని మేడం అడిగినప్పుడు తల ఊపింది. అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించలేదు. ఊపింది తలనే కదా.

ఇప్పుడు కూడా ఏమీ అనిపించడం లేదు. కాళ్లు తిమ్మిరి ఎక్కినప్పుడు నేల తగలనట్టుగా ఉంది. టిఫిను గిన్నెలు విప్పిన చప్పుడు మాత్రం చెవిలో ఉంది. చెయ్యని పని ఇప్పుడు చేస్తే, ఆ మూడు పేరాలు నిజమవుతాయి. అంతవరకే ఆలోచించింది.

మంగళవారం పొద్దున ఈరవ్వ ఇంటికి వెళ్లింది. ఈరవ్వ వాకిట్లో కూర్చుని బర్రె కోసం చెరుకు ఆకు నరుకుతోంది. అరవై దాటి ఉంటుంది. కొడవలి ఆపకుండానే చూసింది.

“ఎవరి పిల్లవే?”

“లింబాద్రి బిడ్డను అవ్వా. పక్కూరు.”

“ఏ లింబాద్రి? పెట్రోల్ బంకు లింబాద్రా, ఇద్దరు పెండ్లాల లింబాద్రా?”

“ఒక్క పెండ్లామే అవ్వా. రెండెకరాల లింబాద్రి.”

“అట్లయితే నాకు తెల్వదు. కూసో. గా ఆకు మీద కూసోకు, కోసుకుంటది.”

సుమన గడప మీద కూర్చుని నోటుబుక్కు తీసింది. రాసుకొచ్చిన ప్రశ్న చదివింది. “మీ మోటరు వైరు ఏ రోజు పోయింది అవ్వా?”

“ఏ రోజని చెప్పాలె?” ఈరవ్వ కొడవలి ఆపింది. “కాలువ నీళ్లు ఇడ్సిండ్రు. కాలువ పారుతుంటే బోరుతోని ఏం పని? ఇర్వై దినాలు ఆ దిక్కే పోలే. కాలువ బందైనంక మోటరు ఏద్దామని పోయి డబ్బా తెరిస్తే ఏమున్నది, బల్లి ఉన్నది. వైరు లేదు. ఎన్నడు కోసుకపోయిండో ఆ కోసినోనికే తెల్వాలె.”

“బుధవారం రాత్రి కాదా?”

“ఎవరన్నరు?”

“మీ కాగితంలనే ఉంది. ‘నిన్న రాత్రి’ అని. కాగితం గురువారం ఇచ్చిండ్రు.”

“కాగితం నేను రాసిన్నా? ఠాణ ముందట కాగితాలు రాసే ఆత్మారాం రాసిండు. నేను ఏలు పెట్టిన.” ఆమె బొటనవేలు చూపించింది. దాని మీద చెరుకు ఆకు గీరిన గీతలు. “గురువారం సిద్ధంపేట సంత గద. ఉల్లిగడ్డలకు పోయిన, అట్లనే కాగితం రాయించిన. ఒక్క కాగితం కోసం మల్ల ఎవరు పోతరు? ఆడోళ్లకు బస్సు ఫ్రీనే గని, పూట ఫ్రీ గాదు గద.”

సుమన నోటుబుక్కులో ‘తేదీ’ అన్న చోట చుక్క పెట్టింది. దాని పక్కన ఏం రాయాలో తెలియలేదు. పెన్ను మూత జారి ఆకుల్లో పడింది. రెండు చేతులతో ఆకులు జరిపి వెతికింది. ఈరవ్వ చూస్తూ ఉంది.

“ఏం పిల్లా, మొకం గట్లయింది? తిన్నవా లేదా?”

“తిన్న అవ్వా.”

మూత దొరికింది. సుమన ‘తేదీ: తెలియదు’ అని రాసింది.

*

బుధవారం మూడు ఊళ్లు తిరిగింది. తొమ్మిది ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ కాసేపు నిలబడాల్సి వచ్చింది, గొంతు సర్దుకోవడానికి. తర్వాత గేటు గొళ్లెం తీసింది. అడిగింది. ఏడుగురు ఈరవ్వ చెప్పిందే చెప్పారు. కాలువ పారినన్నాళ్లు బోరు దిక్కు పోలేదు, ఎప్పుడు పోయిందో తెలియదు. ఒకాయన మాత్రం కచ్చితంగా చెప్పాడు. ఆదివారం రాత్రి ఊళ్లో పెళ్లి బరాత్ డీజే మోగుతుంటే కోసుకుపోయారు. మరి గురువారం దాకా ఎందుకు ఆగారంటే, “సంతకు పోయినప్పుడు ఇద్దామని,” అన్నాడు. ఆయన కాగితంలోనూ ‘నిన్న రాత్రే’. తొమ్మిదో ఇంట్లో ఎవరూ లేరు.

ఎండ మీదికి వచ్చింది. మూడో ఊరి చివర ఒక ఇంటి అరుగు మీద విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు రెండు, తుప్పు పట్టిన కూలర్ రేకు ఒకటి పెట్టుకుని గంగమణి అనే ఆమె రోడ్డు దిక్కు చూస్తూ కూర్చుంది. సుమన మంచినీళ్లు అడిగితే లోపలి నుంచి చెంబుతో తెచ్చి ఇచ్చింది.

“బండి కోసం చూస్తున్న. బుధవారం గద, ఇంకా రాలే.”

లోపల మంచం మీద పడుకున్న ఆమె మొగుడు అన్నాడు, “ఏం బండే? ఠాణల కూసోబెట్టిండ్రట వాణ్ణి. మోటరు వైర్లన్ని వాడే కోసిండట.”

“అయ్యో, ఖాసిమా?” గంగమణి కూలర్ రేకు మీద చెయ్యి వేసింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పింది. “అవ్ మల్ల! మొన్న నా ఇత్తడి బిందె తూకమేసినప్పుడు కాంట మీద ఏలు పెట్టినట్టే కొట్టింది నాకు.”

“గప్పుడేమో మంచిగిచ్చిండంటివి.”

“గప్పుడు దొంగని తెల్వదు గద!”

“ఎవలు పట్టుకున్నరో ఎరికేనా? పోలీసోళ్లు గాదు. ఎవలో సదువుకునే పిల్లనట. కంపూటర్ల చూసి చెప్పిందట, వీడే అని.”

“ఏం సదువులే అవ్వా,” అంది గంగమణి, సుమన దిక్కు చూసి, మెచ్చుకోలుగా. “ఇంకిన్ని పొయ్యన్నా?”

సుమన చెంబు తిరిగి ఇచ్చింది. నీళ్లు సగం అలాగే ఉన్నాయి. ఆ ఇంట్లో ప్రశ్న అడగలేదు. వాళ్ల వైరు పోలేదు.

గురువారం సుమన సిద్ధంపేట సంతకు వెళ్లింది. సంత ఠాణా ఎదురుగానే జరుగుతుంది. ఎండుమిరపకాయల ఘాటు రోడ్డు మీదికి కొడుతోంది. జిరాక్సు షాపు రేకు నీడన ఆత్మారాం ఒక మడత బల్ల వేసుకుని కూర్చున్నాడు. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, బల్ల మీద సిరా డబ్బా, ఇటుక ముక్క కింద తెల్ల కాగితాల కట్ట. ఎదురుగా ఒక ముసలామె మరాఠీలో గడగడా చెబుతోంది.

“బరం, బరం, రాధాబాయి. సావకాశ్,” అంటున్నాడు ఆత్మారాం, నిదానంగా చెప్పమని చేత్తో సైగ చేస్తూ. ఆమె చెప్పడం పూర్తి కాకముందే ఇటుక కింద నుంచి ఒక కాగితం లాగి, అందులో రెండు చోట్ల నింపి, సిరా డబ్బా ముందుకు జరిపాడు. ఆమె వేలు పెట్టింది.

సుమన దగ్గరకు వెళ్లింది. ఈసారి గొంతు సర్దుకోలేదు. “కాకా, మోటరు వైరు కాగితాలు మీరే రాస్తరా?”

“ఈ మండలంల ఇంకెవడు రాస్తడు? పోయిందా మీది?”

“లేదు. చదువుకుంటున్న. అన్ని కాగితాలల్ల ‘నిన్న రాత్రి’ అని ఉంటది. ఎందుకు కాకా?”

ఆత్మారాం కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. ప్రశ్న నచ్చినట్టే ఉంది. పనిని గురించి అడిగేవాళ్లు అతనికి ఎక్కువమంది తగిలి ఉండరు.

“మరేమని రాయాలె చెప్పు. ‘ఇర్వై దినాల సంది ఎప్పుడో పోయింది’ అని రాస్తే ఠాణ లోపలున్న రైటర్ ఏమంటడు? గన్నొద్దులు నిద్ర పోయినవా అని కాగితం మొకాన కొడ్తడు. తేదీ లేకుంటే కేసు కాదు. కేసు కాకుంటే కొత్త వైరుకు అర్జీ పెట్టుకోరాదు. గందుకే ‘నిన్న రాత్రి’. రైతుకు తక్లీఫ్ లేదు, రైటర్‌కు తక్లీఫ్ లేదు. పద్దెనిమిదేండ్ల సంది రాస్తున్న, నా కాగితం ఒక్కటి వాపస్ రాలే.”

ఇటుక తీసి కట్ట చూపించాడు. ఇరవై, ముప్పై కాగితాలు. అన్నింటిలోనూ ఒకే దస్తూరి, ఒకే మాటలు. ‘అయ్యా, నిన్న రాత్రి గుర్తు తెలియని వ్యక్తులు నా వ్యవసాయ బోరు మోటారు వైరును...’ పేరుకూ ఊరికీ ఖాళీ వదిలి ఉంది.

“సంత దినం గిరాకీ ఎక్కువ. బుధవారం ఇంట్ల కూసోని రాసి పెట్టుకుంట.”

“ఒకటి నాకిస్తరా?”

“తీస్కో. పని నేర్చుకునే పిల్లవు.”

ఆ ఖాళీ కాగితం పట్టుకుని రోడ్డు దాటింది. ఎస్సై జీపు ఎక్కుతున్నాడు. సుమన నోటుబుక్కు తెరిచి చెప్పింది. సంత గురువారం కాబట్టి కాగితాలన్నీ గురువారమే వస్తాయని, అందుకే దొంగతనాలన్నీ బుధవారం రాత్రే అయినట్టు కనిపిస్తాయని, కాగితం ఆదివారం ఇస్తే అవి శనివారం రాత్రి అయ్యేవని. ఆమె ఎప్పుడూ అన్ని మాటలు వరుసగా మాట్లాడలేదు. ఎస్సై ఒక కాలు జీపులో, ఒక కాలు కింద పెట్టి విన్నాడు. ఆత్మారాం కాగితం చూసి నవ్వాడు కూడా.

“గీ ముసలోడు మామూలోడు గాదు.” తర్వాత అన్నాడు, “సరే, ఖాసిం కాకుంటే ఎవడు?”

“తెల్వదు సర్.”

“మరి? తెల్వదంటే నేను పైకి ఏం రాయాలె? శనివారం అయితే అయిపోనీ తల్లీ. ఇప్పుడు కెలకకు. బొమ్మ మంచిగున్నది. నీకు ఫస్ట్ ప్రైజ్ గ్యారంటీ.”

జీపు వెళ్లిపోయింది. అరుగు మీద బూడిద రంగు చొక్కా మనిషి లేడు. కుళాయి దగ్గరికో, బయటికో వెళ్లి ఉంటాడు. ట్రాలీ అక్కడే ఉంది. ముందు చక్రంలో గాలి తగ్గింది.

*

శుక్రవారం రెండుసార్లు విమల మేడం గది దాకా వెళ్లింది. మొదటిసారి లోపల అతిథులకు కప్పే శాలువాల గురించి మాట్లాడుకుంటున్నారు. రెండోసారి తలుపు మూసి ఉంది. తట్టడానికి చెయ్యి ఎత్తి, వేళ్లు చూసుకుని, దించేసింది.

శనివారం సెమినార్ హాలు నిండింది. ముందు వరసలో పెద్దసారు కూర్చున్నాడు. నెరిసిన మీసం, మోకాళ్ల మీద టోపీ. ఆయన పక్కన ఎస్సై వేణు, ఇస్త్రీ యూనిఫారంలో, సుమనను చూసి ధైర్యంగా ఉండు అన్నట్టు కళ్లు మూసి తెరిచాడు. నలుగురు మాట్లాడాక ఆమె పేరు పిలిచారు.

వేదిక ఎక్కింది. తెర మీద ఏడు పట్టీల బొమ్మ వచ్చింది. పెన్సిల్ బొమ్మను మేడం కంప్యూటర్‌లో చేయించారు. బుధవారం పట్టీకి ఎర్ర రంగు. హాల్లో ఎవరో ‘వాహ్’ అన్నారు. సుమన మైకు పట్టుకుంది. భయం వెయ్యలేదు. భయం వెయ్యకపోవడం ఆమెకే వింతగా ఉంది. వేరెవరో మాట్లాడబోతుంటే పక్కన నిలబడ్డట్టుంది.

“ఈ బొమ్మ తప్పు సర్,” అంది.

మేడం తల ఎత్తింది.

సుమన చెప్పింది. కాలువ సంగతి, సంత సంగతి, ఆత్మారాం కాగితం సంగతి. ఖాళీ కాగితాన్ని ఎత్తి చూపించింది. “ఇవి దొంగతనం అయిన రోజులు కావు సర్. కాగితం ఇచ్చిన రోజులు. పాత సామాన్ల బండికి ఈ లెక్కతోని ఏ సంబంధం లేదు. ఉన్నదని నేను రాసిన.” ఊపిరి తీసుకుంది. “ఇంటర్వ్యూలు మూడు చేసినట్టు రాసిన. అప్పుడు చెయ్యలేదు. కాగితాలు చూసి రాసిన. ఈ వారంల చేసిన. చేసినంకనే తెలిసింది.”

పెద్దసారు ముందుకు వంగాడు.

“అయితే దొంగతనాలు ఏ రోజు జరుగుతున్నాయమ్మా?”

“తెలియదు సర్.”

“గస్తీ ఏ రోజు పెట్టమంటావు?”

“తెలియదు సర్.”

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. టోపీని ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకుని ఎస్సై వైపు తిరిగాడు. మైకు లేకపోయినా ఆ మాట అందరికీ వినపడింది.

“ఆ బండి మనిషి మీద ఇది కాక ఇంకేముంది వేణూ?”

ఎస్సై లేచి నిలబడ్డాడు. “ఇంకేం లేదు సర్.”

“ఎన్ని రోజుల నుంచి పిలుస్తున్నావు?”

“పది రోజులు సర్.”

“ఇవ్వాళ కూడా వచ్చాడా?”

“వచ్చిండు సర్.”

“ఫోన్ చెయ్.”

ఎస్సై ఫోన్ పట్టుకుని హాలు బయటికి నడిచాడు. వెళ్తూ సుమన దిక్కు చూడలేదు. తర్వాతి విద్యార్థి పేరు పిలిచారు. సుమన మెట్లు దిగి వస్తుంటే విమల మేడం ఆమె చెయ్యి పట్టి పక్కకు ఆపింది. పట్టు గట్టిగానే ఉంది.

“ఇంటర్వ్యూలు దొంగరాతలని అందరి ముందల చెప్పినవ్. నేను మార్కులు ఎయ్యలేను, తెలుసు గద.”

“తెలుసు మేడం.”

“సబ్జెక్టు మల్ల రాయాలె. ఏడాది పోతది.”

“తెలుసు మేడం.”

మేడం చెయ్యి వదిలేసింది. వదిలాక కూడా కాసేపు అక్కడే నిలబడింది.

*

హాస్టల్‌కు వెళ్లాల్సిన సుమన బోధన్ బస్సు ఎక్కింది, అక్కడ దిగి సిద్ధంపేట ఆటో పట్టుకుంది. ఎందుకు వెళ్తున్నదో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. చేరేసరికి నాలుగు దాటింది. ఠాణా ముందు సంత లేని రోడ్డు వెడల్పుగా, బోసిగా ఉంది.

ఆవరణలో బూడిద రంగు చొక్కా మనిషి ట్రాలీ ముందు చక్రానికి పంపుతో గాలి కొడుతున్నాడు. కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, మళ్లీ కొడుతున్నాడు. ఆమె మొదటిసారి మొహం చూసింది. యాభై ఐదేళ్లుంటాయి. ఎడమ కనుబొమ్మలో వెంట్రుకలు లేవు, ఎప్పుడో కాలినట్టు నున్నగా ఉంది. ఆమెను చూడగానే ఆయన పంపు వదిలి నిలబడి, నుదుటికి చెయ్యి తగిలించాడు.

“సలాం మేడం. ఎస్సై సారు లేడు, బయటికి పోయిండు.”

ఆమె మాట్లాడేలోపే మళ్లీ అన్నాడు, “జర ఫోన్ ఇస్తవా బేటీ? నాది గిప్పుడే వాపస్ ఇచ్చిండ్రు. ఠాణ బీరువాలనే ఉండె గద, ఛార్జింగ్ సచ్చిపోయింది. ఇంటికి ఒక్క మాట చెప్త.”

సుమన ఫోన్ ఇచ్చింది. ఆయన వేళ్లను చొక్కాకు తుడుచుకుని తీసుకున్నాడు. నంబరు నోటికి వచ్చు.

“అల్ఫియా... హా, ఛోడ్ దియే. గాడీ భీ. నై, నై, కుఛ్ నై బోలే, జావ్ బోలే బస్.” తననూ బండినీ వదిలేశారని, పొమ్మన్నారని చెబుతుంటే అటునుంచి కూతురు ఏదో అడిగింది. ఆయన సుమన వైపు చూసి చిన్నగా నవ్వాడు. “ఏక్ పులీస్ వాలీ బచ్చీ కా ఫోన్ హై. అచ్చీ బచ్చీ హై.”

పోలీసు పిల్ల ఫోన్ అని, మంచి పిల్ల అని. ఆ మాత్రం ఉర్దూ ఆమెకు వచ్చు.

ఫోన్ తిరిగి చేతికి వచ్చింది. వెచ్చగా ఉంది.

“నేను పోలీసు కాదు చాచా,” అంది. “సదువుకుంటున్న. మీ బండి గురించి రాసింది నేనే.”

ఖాసిం వంగి పంపు తీసి ట్రాలీలో పెట్టాడు. తాడు అందుకుని పంపును కడ్డీకి కట్టసాగాడు.

“ఏం రాసినవ్?”

“బుధవారం వస్తదని.”

“అవ్, వస్త.”

“దొంగతనాలు బుధవారమే అయితున్నయని.”

“అయితున్నయా?”

“లేదు. నాదే తప్పు. ఇయ్యాల పెద్దసారుకు చెప్పిన.”

ఆయన తల ఊపాడు. అర్థమైందని ఊపాడో, మాట అందిందని ఊపాడో తెలియలేదు. తాడు మరో చుట్టు తిప్పాడు.

“నా పేరు రాసినవా?”

“లేదు. బండి అని రాసిన.”

“పేరు తెల్వకనా?”

“అడగలే చాచా.”

ముడి పడింది. ఆయన దాన్ని లాగి చూసి, వదిలి, చేతులు దులుపుకున్నాడు. అప్పుడు ఆమెను నిదానంగా, తూకం వేసే సామానును కాక ఒక మనిషిని చూసినట్టు చూశాడు.

“అడిగితే చెప్తుంటి. పేరు చెప్తుంటి. బుధవారమే ఎందుకొస్తనో గూడ చెప్తుంటి. పెద్ద ముచ్చటేం కాదు. గీ పది దినాలల్ల ఎవ్వరు అడగలే. వైరు ఏడ దాసినవ్, ఎవనికి అమ్మినవ్, గివే అడిగిండ్రు.”

సుమన బ్యాగులో నోటుబుక్కు ఉంది. తియ్యలేదు.

“బుధవారమే ఎందుకొస్తరు చాచా?”

ఖాసిం సీటెక్కి తాళం తిప్పాడు. ఇంజను మూడోసారికి అందుకుంది. ఆ చప్పుడులో ఆయన ఆమె దిక్కు వంగాడు. గొంతులో కోపం లేదు.

“గిప్పుడు దేనికి బేటీ?”

ట్రాలీ గేటు దాటి, బోధన్ దిక్కు తిరిగింది. సుమన దారికి అడ్డంగా ఉందని లోపలి నుంచి కానిస్టేబుల్ కేకేస్తే, రెండడుగులు పక్కకు జరిగింది.